నూతిరాయి మీది మొక్క

నీలకంఠంగారి బల్ల మీద రెండు కాగితపు పొట్లాలున్నాయి. విభూతి పొట్లాలనుకునేరు, కాదు. ఎండబెట్టిన మొక్కల్ని పేరూ ఊరూ రాసి దాచే గదిని హెర్బేరియం అంటారు. పెద్ద మొక్కల్ని అట్టలకి అతికిస్తారు గానీ, గోటితో గీరితే ఊడివచ్చే బుల్లి మొక్కల్ని ఇదిగో, ఇలా పొట్లం కట్టి, పైన చీటీ అంటించి బీరువాలో పెడతారు. యూనివర్సిటీలో ఆ గదికీ ఆ బీరువాలకీ నీలకంఠంగారే సర్వాధికారి. ఆయన ఎదురుగా నిలబడి చెమటలు కక్కుతున్నవాడు త్రినాథరావు, టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో బోటనీ డిమాన్‌స్ట్రేటరు.

"ఈ రెంటిలో ఉన్నదీ ఒకటే మొక్క, అవునా?" అన్నారు నీలకంఠంగారు.

"అవును సార్."

"ఇది మహేంద్రగిరి గెడ్డలో, ఆ కొండవాగులో తీశావు. బాగుంది. నీడపట్టున, రాళ్ల మీద నీళ్లు చిందుతూ ఉంటే తప్ప బతకని మొక్క. మరి ఇది? ఉద్దానం, కంచరపేట, నుయ్యి దగ్గర రాయి! సముద్రం హోరు వినబడే ఇసక నేల! ఏమయ్యా, ఎవరి చెవిలో పువ్వులు పెడదామని?"

ఆయన లేచి బీరువా తలుపు బార్లా తీశారు. "ఇవన్నీ ఈ మొక్క పొట్లాలే. దొరలు తీసినవి, మా గురువుగారు తీసినవి, నేను తీసినవి. అన్నీ కొండ గెడ్డలు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తీరప్రాంతందని ఉంటే చూపించు. నేను నోరు మూసుకుంటాను."

ఏం చూపిస్తాడు? బుర్ర గోక్కున్నాడు. ఆ మొక్కని ఇంగ్లీషులో లివర్‌వర్ట్ అంటారు. లాటిన్ పేరు చెబితే నాలిక మడతపడుతుంది, వద్దులెండి. చూడ్డానికి ఉత్త పాచి. భూతద్దం పెడితే మాత్రం దారంలాంటి కాడకి అటొక వరస ఇటొక వరస ఆకులు, అడుగున ఉందా లేదా అన్నట్టు మూడో వరస. అంత చిన్న మొక్క ఇంత పెద్ద చిక్కు తెచ్చిపెడుతుందని త్రినాథరావు కలలో కూడా అనుకోలేదు.

"పొట్లాలు తారుమారై ఉంటాయి. కాదంటావా? సరే. వచ్చే గురువారం బరంపురం వెళ్తున్నాను. మధ్యలో పలాసలో దిగుతాను. మీ నుయ్యి చూపించు. రాయి మీద మొక్క కనబడిందా, నిన్ను పర్మనెంటు చెయ్యమని మీ ప్రిన్సిపాలుకి ఆ రోజే ఉత్తరం రాస్తాను. కనబడలేదా, ఈ పొట్లం నా బీరువాలోకి రాదు. నేనూ నీ గురించి ఎవరికీ ఏమీ రాయను."

త్రినాథరావు నెత్తిన పిడుగు పడింది. ఆ ఉత్తరం ముక్క లేకపోతే వేసవి సెలవులతో అతని కొలువు ఆఖరు. టెంపరరీ వాళ్లని పరీక్షలవగానే సాగనంపడం ఆ కాలేజీ అలవాటు. ఈ పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, బోటనీ చదివినవాడికి టెక్కలి చుట్టుపక్కల ఇంకో కొలువు ఎవడిస్తాడు? జీడిపిక్కల కార్ఖానాలో లెక్కలు రాసుకోవాల్సిందే.

టెక్కలి గదికి తిరిగొచ్చాక అసలు బాధ మొదలైంది. పొట్లాలు నిజంగానే తారుమారయ్యాయేమో! రెండూ ఒకే కాగితంతో కట్టాడు. ఒకే కిటికీలో ఆరబెట్టాడు. కొండకి వెళ్లింది ముందా, ఊరికి వెళ్లింది ముందా? ఊరికి వెళ్లిందే ముందు. దసరా సెలవుల్లో సొంతూరు కంచరపేట వెళ్లి పెరట్లో నుయ్యి దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఉంటే రాయి పక్కన పచ్చగా కనబడింది. గీరి తీశాడు. ఆ తర్వాత మహేంద్రగిరి ఎక్కాడు. అంతే. అంతేనా? లేకపోతే ఆ పచ్చనిది వేరే ఏదో పాచి, తను కొండ మీది మొక్కని దాని పేర పొట్లం కట్టాడా? ఆలోచించేకొద్దీ తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయింది. ఎదుటివాడు గట్టిగా నువ్వు దొంగవంటే, మంచివాడు ముందు తన జేబే తడుముకుంటాడు.

పైగా ఆ రాయి సంగతొకటి. ఉద్దానంలో రాయి ఎక్కడిది? గునపం వేస్తే ఇసక, ఇంకా తవ్వితే ఇంకా ఇసక. దసరాల్లోనే ఆ మాట అడిగాడు. "నుయ్యి తవ్వినప్పుడు బయటపడ్డాది," అన్నాడు పెదనాన్న దాలయ్య. "ఎవులు సెప్పినారు? మందస రాజుగారి కోటలో రాయది," అన్నాడు పక్కింటి బైరాగి. ఇద్దరూ అరగంట కొట్టుకున్నారు. పెద్దమ్మ వరహాలమ్మ మాత్రం, "రాయి రాయే. దానికి జాతకం ఏటి?" అని చేద లాక్కుంటూ అటు తిరిగిపోయింది. తల్లి పోయిన త్రినాథరావుని పెంచి పెద్దచేసింది ఆవిడే. ఎంత చిన్న కబురైనా చిలవలు పలవలు చేసి చెప్పే మనిషి ఆ రాయి విషయంలో ఎందుకు ముడుచుకుపోయిందో అతనికి అప్పుడూ అంతుపట్టలేదు.

గురువారం దాకా ప్రాక్టికల్స్. కదలడానికి లేదు. కంచరపేట దారిలో తిరిగే బస్సు కండక్టరు జగన్నాథరావుతో కబురు పంపాడు. యూనివర్సిటీ నుంచి పెద్దాయన వస్తున్నాడు, మన నుయ్యి, నుయ్యి దగ్గర రాయి చూస్తాడు, నా ఉద్యోగం దాని మీదే ఉంది, అని. జగన్నాథరావు మంచివాడు, అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. కానీ చెప్పాల్సిన మాట ఇంకొకటుందని త్రినాథరావుకే తట్టలేదు. ఇన్ని పుస్తకాలు చదివి ఏం లాభం, పెద్దమనిషి ఇంటికొస్తున్నాడంటే ఆడవాళ్లు ఏం చేస్తారో తెలియనక్కర్లేదా?

గురువారం పలాసలో రైలు దిగారు నీలకంఠంగారు. జీడిపిక్కలు కాల్చే పొగకి ముక్కు మూసుకున్నారు. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు గానీ పెద్దగా మాటల్లేవు. కొబ్బరితోటలు మొదలయ్యాక ఆయన కిటికీలోంచి ఇసక వైపు చూసి, "ఇక్కడ లివర్‌వర్టా!" అని ఒకసారి నవ్వారు. త్రినాథరావు కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

ఇంటి ముందుకు రాగానే అతను ఆగిపోయాడు. గోడలకి కొత్త సున్నం. అరుగుకి ఎర్రమట్టి. వాకిట్లో ముగ్గు. దాలయ్య చలవచేసిన పంచె కట్టుకుని, మెడలో కండువా వేసుకుని ఎదురొచ్చి, "రండి బాబూ, రండి, నుయ్యి ఇలాగున్నాది," అని పెరట్లోకి దారితీశాడు. నూతి చుట్టూ కూడా ముగ్గే. గట్టుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. దాని పక్కన పనసచెట్టు నీడలో ఆ రాయి, చిన్న పీటంత రాయి, నల్లగా నిగనిగలాడుతోంది.

"సూడండి బాబూ. మొకం సూసుకోవచ్చు," అన్నాడు దాలయ్య గర్వంగా. "నిన్నంతా మా ఆడది బూడిదేసి, కొబ్బరి పీసెట్టి తోమినాది."

నీలకంఠంగారు భూతద్దం తీశారు. వంగి చూశారు. పక్కకి తిరిగి చూశారు. పగుళ్లలో చూశారు. తర్వాత భూతద్దం జేబులో పెట్టేసుకున్నారు.

"తోమిన పీచు ఎక్కడ పారేశావు పెద్దమ్మా? ఎక్కడ?" అని అరిచాడు త్రినాథరావు. కొబ్బరి మొదట్లో పోసిందట. పరుగెత్తాడు. వేసుకున్న తెల్లచొక్కాతోనే మోకాళ్ల మీద కూలబడి బూడిద బురదంతా కెలికాడు. కోళ్లు అప్పటికే కెలికి వదిలేశాయి. పీచు పోగులు తప్ప ఏమీ లేవు. బైరాగి గోడ మీంచి తొంగిచూసి, "ఏటి బాబూ, ఉంగరం పడిపోనాదేటి?" అని అడిగాడు. దాలయ్య కూడా వంగి ఉంగరం వెతకడం మొదలెట్టాడు.

"ఎవరు తోమమన్నారు నిన్ను?" పెద్దమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు త్రినాథరావు. జన్మలో ఆవిడ మీద గొంతెత్తని మనిషి. "ఎవరైనా అడిగారా? నా నోట్లో మట్టి కొట్టావు! ఆ రాయి మీదున్న పచ్చని మొక్క చూడ్డానికే కదా ఆయన అంత దూరం నుంచి వచ్చింది!"

వరహాలమ్మకి మొదట అర్థం కాలేదు. "పాచి సూడ్డానికా? అంత సదువుకున్న బాబు పాచి సూడ్డానికొచ్చినాడా?" అని ఆయన వైపు చూసింది. నీలకంఠంగారు తలూపారు. ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ రాయి పక్కనే చతికిలబడింది.

"పాచి కాదురా అది," అంది. "మాయమ్మ గెడ్డ."

ఎవరికీ ఏమీ బోధపడలేదు.

"ఆ రాయి నుయ్యి తవ్వినప్పుడు దొరికినాది కాదు. రాజుగారి కోటదీ కాదు. నాను తెచ్చీసినాను. మందస అవతల, కొండ కింద మా సిరిగాం గెడ్డలోది. పెళ్లయి బండెక్కేటప్పుడు నాను ఏడిసినాను. నీళ్ల సప్పుడు లేని ఊరికి నానెల్లనని ఏడిసినాను. సప్పుడు ఎలాగిత్తాది మాయమ్మ? రాయిచ్చినాది. సారె బియ్యం బస్తాలో ఇద్దరం కలిసి దాసీసినాం. ఆడపిల్ల గెడ్డలో రాయి అత్తోరింటికి అట్టుకుపోతే గెడ్డ ఎండిపోద్దని మా ఊరోలు అంతారు. అందుకే ఎవులికీ సెప్పనేదు. మా ఊరి నుంచి ఎవులొచ్చినా ముందు గెడ్డలో నీరుందా అని అడిగీదాన్ని. ఎండిందంటే నా గుండె గుబేలుమనీది."

దాలయ్య ఆవిడ ఎదురుగా వచ్చాడు. "ఇన్నాళ్లు నాతో కాపరం సేసినావు. నాకైనా సెప్పనేదేటే?"

"సెప్తే పారీసీవోడివి. మీయమ్మ తోమమన్నాది, నువ్వు తోమమన్నావు. బూడిద తగిల్తే సేతులకి దద్దుర్లొత్తాయని బొంకినాను. రోజూ తొలి సేద దాని మీద పోసి, ఆ తరువాతే బిందె నింపీదాన్ని. ఒక్కనాడు తోమనేదు." ఆవిడ రాయిని అరచేత్తో తడిమింది. "నిన్న తోమినాను. మా తినాదు కొలువు దీని మీదున్నాదన్నారు. పెద్దబాబొచ్చి జిడ్డురాయి సూత్తే గుంటడికి పరువుతక్కువని, పల్లు బిగబట్టి తోమినాను."

త్రినాథరావుకి తన చెంప తను వాయించుకోవాలనిపించింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు గానీ, దాని చోటులోకి ఏం వచ్చిందో కూడా తెలియలేదు. తోమినందుకు ఆవిణ్ణి తిట్టాలా, ఇన్నాళ్లు తోమనందుకు కాళ్లు మొక్కాలా? మొక్క ఇక్కడ ఉండటం నిజం. పొట్లాలు తారుమారు కాకపోవడం నిజం. తను పిచ్చివాడు కాకపోవడం నిజం. ఇన్ని నిజాలుండీ చూపించడానికి ఒక్క ఆకు లేదు.

నీలకంఠంగారి మొహం మాత్రం వికసించింది. ఆయన చెడ్డవాడు కాడు, చిక్కుముడి విడితే చిన్నపిల్లాడిలా సంబరపడే మనిషి. "ఇంకేమయ్యా, తేలిపోయింది! రాయి మహేంద్రగిరిది, మొక్క మహేంద్రగిరిది. నేను చెబుతూనే ఉన్నాను కదా, ఇసక నేలలో అది పుట్టదని!" సంచీలోంచి కంచరపేట పొట్లం తీసి, పెన్ను మూత తిప్పి, రెండూ త్రినాథరావు చేతిలో పెట్టారు. "చీటీ మార్చెయ్. 'మహేంద్రగిరి పాదం, సిరిగాం గెడ్డ' అని రాయి. దర్జాగా బీరువాలో పెడతాను. ఉత్తరం ఇక్కడే కూర్చుని రాసిస్తాను."

"కానీ సార్, నేను తీసింది ఇక్కడ."

"ఇక్కడుందని నేనెలా నమ్మించను? రాయి అద్దంలా ఉంది. సాక్ష్యం చూస్తే మీ పెద్దమ్మ. రేపు ఎవడైనా అడిగితే, 'వాళ్ల పెద్దమ్మ చెప్పింది' అనమంటావా? సిరిగాం అని రాస్తే అది అబద్ధం కూడా కాదు. సగానికి పైగా నిజమే."

త్రినాథరావు పెన్ను పట్టుకున్నాడు. నిజమే కదా, అనుకున్నాడు. కాదు కదా, అని కూడా అనుకున్నాడు. సిరిగాం గెడ్డ అతను కంటితో చూడలేదు. చూడని గెడ్డలో తీశానని ఎలా రాస్తాడు? ఆ మొక్కని ఇన్నేళ్లు బతికించింది గెడ్డ నీళ్లా, ఈ నూతి నీళ్లా? అలాగని కాదంటే వేసవి తర్వాత తినేదేమిటి? చివరికి, "రాయలేను సార్," అన్నాడు, తనకే సరిగా వినబడనంత మెల్లగా.

"సిరిగాం అనే రాసీరా," అంది వరహాలమ్మ. "నీ కొలువు కన్నానా?" అంటూనే ఆవిడ కళ్లు పొట్లం మీద నిలిచిపోయాయి. "అందులో ఏటున్నాది?"

"దసరాల్లో నీ రాయి మీద గీరింది పెద్దమ్మా."

"ఓపాలి సూపించు."

విప్పి చూపించాడు. ఏముంది, కాగితం మీద వాడిపారేసిన టీపొడిలా గోధుమరంగు నలుసులు. ఆవిడ మొహం చిన్నబోయింది. చేదలో వేళ్లు ముంచి నాలుగు చుక్కలు వాటి మీద రాల్చింది. ఎవరూ వద్దనలేదు. చూస్తుండగానే ముడుచుకున్న నలుసులు కదిలాయి. ఆకులు విచ్చుకున్నాయి. గోధుమరంగు లోంచి పచ్చదనం పైకొచ్చింది. ఎండిన లివర్‌వర్ట్, ప్రాణం ఉన్నా లేకపోయినా, నీళ్లు తగిలితే అలాగే విచ్చుకుంటుందని ఆ ఇద్దరు బోటనీవాళ్లకీ తెలుసు. ఆవిడకి తెలియదు.

"ఓలమ్మో! బతికే ఉన్నాది!"

ఆ తర్వాత జరిగింది రెప్పపాటులో జరిగిపోయింది. కాగితం లాక్కుంది, రాయి మీద బోర్లించింది, తడి అరచేత్తో పగుళ్లలోకి అదిమేసింది. మరో దోసెడు నీళ్లు పోసింది. ఖాళీ కాగితం పక్కన పడేసి, నీలకంఠంగారి వైపు తిరిగి చేతులు జోడించింది.

"ఇదిగో బాబూ, సూడండి. రాయి మీద పాచి ఉన్నాది. మా వోడు అబద్ధమాడనేదు. నాను తోమీసినాను, మల్లీ ఎట్టీసినాను. ఉత్తరం రాసీండి."

ఉన్న ఒక్క నమూనా అది. చీటీ మీద ఏ ఊరు రాయాలన్న పేచీ ఎగిరిపోయింది, అసలు చీటీ అంటించడానికే ఏమీ మిగల్లేదు. త్రినాథరావు చేతులు చాచి రాయి వైపు అడుగేశాడు, ఆగిపోయాడు. ఆవిడ చేతుల మధ్య నుంచి దాన్ని మళ్లీ గీరి తీయడం అతని వల్ల కాలేదు. నీలకంఠంగారు ఎర్రబడ్డారు. "ఏమిటయ్యా ఇది..." అని మొదలెట్టినవారు, ఆవిడ మొహం చూసి ఆగారు. కాసేపటికి ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, గొంతుక్కూర్చుని, భూతద్దం మళ్లీ తీశారు. రాయి మీద చాలాసేపు చూశారు.

"ఉందమ్మా," అన్నారు. "చూశాను."

కొబ్బరినీళ్లు తాగి ఇద్దరూ రోడ్డెక్కారు. బస్సు కోసం జీడితోట పక్కన నిలబడ్డారు. నీలకంఠంగారు చెప్పు అంచుతో ఇసక గీకారు.

"ఆవిడతో చూశానన్నాను," అన్నారు చివరికి. "కాగితం మీద అనలేనయ్యా. పొట్లం పోయింది, రికార్డూ పోయింది. మీ ప్రిన్సిపాలుకి ఏమని రాయను? నువ్వే చెప్పు."

"అర్థమైంది సార్," అన్నాడు త్రినాథరావు. ఏమీ అర్థం కాలేదు. ఎవరి మీద మండిపడాలో తెలిస్తే కాస్త తేలిగ్గా ఉండేది. ఆయన మీదా? ఆయన ఉన్నమాట అన్నారు. పెద్దమ్మ మీదా? తన మీదేనా?

అంతలో వరహాలమ్మ ఇసకలో కాళ్లీడ్చుకుంటూ పరుగున వచ్చింది, ఒడిలో జీడిపప్పు మూటతో. "బాబూ, ఇది మీ ఇంట్లో అమ్మకియ్యండి. మా వోడి సంగతి మరిసిపోకండి," అని ఆయన సంచీలో కుక్కేసింది. "సరేనమ్మా," అని ఆయన అటు తిరిగి, వచ్చిన బస్సు ఎక్కేశారు.

త్రినాథరావు మెట్టు మీద కాలుపెట్టబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఒరే తినాదా, నిజం సెప్పు. నాను తోమీసినందుకు కొలువు పోనేదు కదా?"

"లేదు పెద్దమ్మా. ఆయన చూశారు కదా," అన్నాడతను. మాట ఎంత సులువుగా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది. "నువ్వు మళ్లీ పెట్టబట్టే అయింది. ఖాయమైపోయినట్టే."

ఆవిడ రెండు చేతులూ నెత్తి మీద జోడించి కొండల వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "మరింకేటి. వేసంగికి వచ్చినప్పుడు ఆ కొలువు కాయితం అట్టుకురా. నాకు సదువు రాదు గానీ, ఓపాలి సేత్తో అట్టుకు సూత్తాను."

"తెస్తాను," అన్నాడు త్రినాథరావు, బస్సెక్కాడు.